టెస్లా కాయిల్‌కి ఎంత పెద్ద టాప్‌లోడ్ పెట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో టెస్లా కాయిల్ (పైనుంచి పొడవాటి స్పార్కులు వదిలే హై వోల్టేజ్ చుట్ట) చుట్టేవాళ్లు ప్రైమరీ (కింద ఉండే కొద్ది చుట్ల లావు తీగ), కెపాసిటర్, స్పార్క్ గ్యాప్ (కెపాసిటర్ శక్తిని స్పార్కుగా ప్రైమరీలోకి వదిలే సందు) లెక్కల దగ్గర నానా తంటాలు పడతారు. తీరా పైన పెట్టే లోహపు గుండ్రం, అంటే టాప్‌లోడ్ వంతు వచ్చేసరికి చేతికి ఏది దొరికితే అది పెట్టేస్తారు. మొదటి కాయిల్‌కి నేనూ అదే చేశాను. ఆ తర్వాత నాలుగైదు టాప్‌లోడ్లు మార్చాను, కొన్ని పారేశాను. ఈ మధ్య అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటే ఒకచోట రాసిపెడుతున్నాను. వరుసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## సైజు తేల్చుకునే ముందు

అసలు టాప్‌లోడ్ లేకుండా కాయిల్ నడవదా?

నడుస్తుంది. సెకండరీకి (పైపు మీద సన్న తీగతో చుట్టిన పొడవాటి చుట్టకి) సొంతంగా కొంత కెపాసిటెన్స్ ఉంటుంది కాబట్టి దాని ఫ్రీక్వెన్సీ దగ్గర అది రెసొనేట్ అవుతుంది, అంటే ఊగిసలాట అక్కడే బాగా పెరుగుతుంది. కానీ పై చివర తీగ సన్నగా ఉండడం వల్ల అక్కడ విద్యుత్ క్షేత్రం విపరీతంగా పేరుకుంటుంది. వోల్టేజ్ పూర్తిగా పెరగకముందే ఆ తీగ మొన నుంచి ఊదారంగు కుచ్చులాగా కారిపోతుంది. పై చుట్ల ఇన్సులేషన్ కూడా నెమ్మదిగా మాడిపోతుంది. చిన్న ట్రాన్సిస్టర్ కాయిల్‌కి ఫర్వాలేదు గానీ, స్పార్క్ గ్యాప్ కాయిల్‌ని టాప్‌లోడ్ లేకుండా నడపొద్దు.

టాప్‌లోడ్ ఎంత పెద్దదైతే స్పార్కు అంత పొడవు వస్తుందా?

ఒక హద్దు దాకా అంతే. ఆ హద్దు దాటితే స్పార్కే రాదు. ఇక్కడ రెండు విషయాలు ఒకదానికొకటి ఎదురు లాగుతుంటాయి.

మొదటిది శక్తి. 10 నానోఫారడ్ల ట్యాంక్ కెపాసిటర్ (ప్రైమరీకి శక్తి ఇచ్చేది) 20 కిలోవోల్టులకి ఎక్కితే అందులో 2 జౌల్స్ ఉంటాయి. గ్యాప్ వెలిగిన ప్రతిసారీ సెకండరీకి దక్కేది అంతే. సెకండరీ, టాప్‌లోడ్ కలిపి 17 పికోఫారడ్లయితే, నష్టాలేమీ లేవనుకుంటే ఆ 2 జౌల్స్‌తో 485 కిలోవోల్టుల దాకా వెళ్లొచ్చు. 25 పికోఫారడ్లకి 400, 34 పికోఫారడ్లకి 343. నిజంగా వచ్చేది వీటికన్నా బాగా తక్కువే. అయినా వరస మాత్రం ఇదే: టాప్‌లోడ్ పెరిగేకొద్దీ అందుకోగలిగే వోల్టేజ్ తగ్గుతుంది.

రెండోది గాలి. మామూలు వాతావరణంలో గాలి సెంటీమీటరుకి దాదాపు 30 కిలోవోల్టుల దగ్గర తెగిపోతుంది. ఒంటరిగా ఉన్న 10 సెం.మీ. వ్యాసార్థం గల నున్నటి బంతి 300 కిలోవోల్టుల వరకు ఆపుకోగలదు. 3 సెం.మీ. బంతి 90 దగ్గరే వదిలేస్తుంది. అంటే చిన్న టాప్‌లోడ్ ఉంటే 485 కిలోవోల్టులు అందుకునే అవకాశం కాగితం మీదే మిగిలిపోతుంది, దారిలోనే కారిపోతుంది. పెద్దది అయితే ఎక్కువసేపు ఆపుకుని, తనలో పోగైన చార్జ్‌ని ఒక్కసారిగా స్పార్కులోకి కుమ్మరిస్తుంది. స్పార్కు అందుకే లావుగా, పొడవుగా వస్తుంది. మరీ పెద్దది పెడితే, దానికి వచ్చే వోల్టేజ్ తక్కువ, అది ఆపుకోగలిగే వోల్టేజ్ ఎక్కువ. ఇంక స్పార్కు ఎలా వస్తుంది?

కాబట్టి మీ పవర్‌తో కష్టం మీద స్పార్కు వదిలే సైజే మీకు సరైన సైజు. నా మట్టుకు నేను దానికన్నా ఒక మెట్టు పెద్దది పెట్టి, బ్రేకవుట్ పాయింట్ (స్పార్కు బయలుదేరడానికి టాప్‌లోడ్ అంచున పెట్టే చిన్న మొన) వాడతాను.

బంతి మంచిదా, టొరాయిడ్ (గారెలా మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి గొట్టం) మంచిదా?

కెపాసిటెన్స్ ఒక్కటే చూస్తే బంతిదే పైచేయి. 40 సెం.మీ. వ్యాసం గల బంతికి 22 పికోఫారడ్లు ఉంటే, అంతే వెడల్పు, 10 సెం.మీ. గొట్టం గల టొరాయిడ్‌కి 17 మాత్రమే. అయినా అందరూ టొరాయిడే పెడతారు. కారణం కెపాసిటెన్స్ కాదు, ఆకారం. టొరాయిడ్ సెకండరీ నెత్తిన గొడుగులా పరుచుకుని పై చుట్ల దగ్గర క్షేత్రాన్ని చదును చేస్తుంది. స్పార్కులు పక్కలకి, బయటి అంచు నుంచి వెళతాయి. బంతి కింది భాగం లోపలికి వంగిపోతుంది కాబట్టి పై చుట్లకి అంత రక్షణ దొరకదు. చిన్న కాయిల్‌కి, ముఖ్యంగా చూడముచ్చటగా ఉండాలనుకుంటే, బంతి చక్కగా సరిపోతుంది.

లెక్కలొద్దు, నా పైపుకి ఎంత టొరాయిడ్ పెట్టాలో ఒక్క ముక్కలో చెప్పండి.

టొరాయిడ్ గొట్టం మందం సెకండరీ పైపు వ్యాసానికి దగ్గరగా, మొత్తం వెడల్పు దానికి మూడు నాలుగు రెట్లు. 5 సెం.మీ. పైపుకి 15 నుంచి 20 సెం.మీ., 8 సెం.మీ. పైపుకి 25 నుంచి 32, 11 సెం.మీ. పైపుకి 33 నుంచి 45, 16 సెం.మీ. పైపుకి 50 నుంచి 65. పవర్ తక్కువైతే కింది అంకె వైపు, ఎక్కువైతే పై అంకె వైపు ఉండండి.

టెస్లా తన కాయిల్ మీద ఏం పెట్టాడు?

ఆయన 1902లో దరఖాస్తు చేసుకుని 1914లో పొందిన అమెరికా పేటెంట్‌లో టవర్ మీద ఉన్నది టొరాయిడ్‌ని పోలిన పెద్ద టెర్మినలే. దాని చట్రం మీద అర్ధగోళాల్లాంటి లోహపు పలకలు వరుసగా పరిచి ఉంటాయి. ప్రతి చోటా వంపు పెద్దదిగా ఉంటే చార్జ్ గాలిలోకి కారిపోదన్నది ఆయన వాదన. ఇందులో ఒక తమాషా ఉంది. ఆయనకి కావలసింది స్పార్కు రాకుండా చూడడం, మనకి కావలసింది రావడం. అందుకే ఆయన కొలతల నిష్పత్తి చూసి మన కాయిల్‌కి అన్వయించుకుంటే ఒక్క స్పార్కు కూడా రాకపోవచ్చు.

## లెక్క కట్టేటప్పుడు

టొరాయిడ్ కెపాసిటెన్స్ చేత్తో లెక్కేయడం ఎలా?

మీకు కావలసినవి రెండే కొలతలు, రెండూ సెంటీమీటర్లలో: బయటి అంచు నుంచి బయటి అంచుకి మొత్తం వ్యాసం, గొట్టం వ్యాసం.

ముందు గొట్టం వ్యాసాన్ని మొత్తం వ్యాసంతో భాగించి, వచ్చినదాన్ని 1.28 లోంచి తీసేయండి. తర్వాత మొత్తం వ్యాసంలోంచి గొట్టం వ్యాసం తీసేసి, మిగిలినదాన్ని గొట్టం వ్యాసంతో గుణించి, వర్గమూలం కట్టండి. ఈ రెండు జవాబుల్నీ గుణించి 0.98తో మళ్లీ గుణిస్తే పికోఫారడ్లు వస్తాయి.

30 సెం.మీ. వెడల్పు, 7.5 సెం.మీ. గొట్టం తీసుకుందాం. 7.5 ÷ 30 = 0.25, దాన్ని 1.28 లోంచి తీస్తే 1.03. 22.5 × 7.5 = 168.75, వర్గమూలం 13. కాబట్టి 1.03 × 13 × 0.98, అంటే 13 పికోఫారడ్లు. గొట్టం మొత్తం వెడల్పులో నాలుగో వంతు ఉన్న టొరాయిడ్‌కి ఇంత కష్టం కూడా అక్కర్లేదు. మొత్తం వెడల్పుని 0.435తో గుణిస్తే చాలు. బంతికైతే వ్యాసార్థంలో ప్రతి సెంటీమీటరుకి 1.11 పికోఫారడ్లు.

కెపాసిటెన్స్ పెంచాలంటే గొట్టం లావు చేయాలా, మొత్తం వెడల్పు పెంచాలా?

వెడల్పు పెంచండి. 40 సెం.మీ. టొరాయిడ్‌కి 5 సెం.మీ. గొట్టం అయితే 15 పికోఫారడ్లు, 10 సెం.మీ. గొట్టం అయితే 17. గొట్టం రెట్టింపైనా కెపాసిటెన్స్ రెండే పెరిగింది. అదే 10 సెం.మీ. గొట్టం, 60 సెం.మీ. వెడల్పు అయితే 24 దాటుతుంది.

గొట్టం లావు చేసే పని వేరు. అది ఎంత వోల్టేజ్ దగ్గర స్పార్కు బయటపడాలో నిర్ణయిస్తుంది. 5 సెం.మీ. గొట్టం వంపు బిగువుగా ఉంటుంది, త్వరగా వదిలేస్తుంది. 10 సెం.మీ. గొట్టం ఇంకా చాలాసేపు పట్టి ఉంచుతుంది. వెడల్పు ఫ్రీక్వెన్సీని, గొట్టం మందం బ్రేకవుట్‌ని చూసుకుంటాయని గుర్తుపెట్టుకుంటే సగం అయోమయం పోతుంది. సన్న గొట్టంతో పెద్ద చక్రం చేసి ‘కెపాసిటెన్స్ సరిపోయింది కదా, స్పార్కులు ఇలా వెంట్రుకల్లా ఎందుకొస్తున్నాయి’ అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు.

టాప్‌లోడ్ మారిస్తే ఫ్రీక్వెన్సీ ఎంత మారుతుంది?

అనుకున్నదానికన్నా ఎక్కువే. ఉదాహరణకి 11 సెం.మీ. పైపు మీద 50 సెం.మీ. ఎత్తున 1,100 చుట్లు ఉన్న సెకండరీని చూద్దాం. ఇండక్టెన్స్ దాదాపు 26 మిల్లీహెన్రీలు, సొంత కెపాసిటెన్స్ దాదాపు 8 పికోఫారడ్లు. పైన ఏమీ లేకపోతే 348 కిలోహెర్ట్జ్ దగ్గర రెసొనేట్ అవుతుంది. 20 సెం.మీ. టొరాయిడ్ పెడితే 240కి, 30 సెం.మీ.ది పెడితే 215కి, 40 సెం.మీ.ది పెడితే 197కి, 60 సెం.మీ.ది పెడితే 169కి దిగుతుంది. (అన్నిటికీ గొట్టం వెడల్పులో నాలుగో వంతు.) మొదటి చిన్న టొరాయిడే పెద్ద దెబ్బ కొడుతుంది, ఆ తర్వాత ప్రతి పది సెంటీమీటర్ల పెంపుకీ మార్పు తగ్గుతూ వస్తుంది. ఫ్రీక్వెన్సీ మొత్తం కెపాసిటెన్స్ వర్గమూలానికి విలోమంగా మారుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది.

సెకండరీ తీగ పొడవు పావు తరంగానికి సరిపోయేలా టాప్‌లోడ్ ఎంచుకోవాలట, నిజమేనా?

కాదు. ఇది చాలా పాత నమ్మకం, ఎన్నిసార్లు కొట్టేసినా మళ్లీ మొలుస్తుంది. నిటారుగా సాగదీసిన తీగకి పావు తరంగం లెక్క పనికొస్తుంది. దాన్నే పైపు మీద దగ్గర దగ్గరగా చుట్టాక ఒక్కో చుట్టు పక్క చుట్టుతో ముడిపడిపోతుంది, ఇక తీగ పొడవు ఫ్రీక్వెన్సీని శాసించదు. ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ శాసిస్తాయి.

ఒక సరదా సంగతి. 11 సెం.మీ. పైపు మీద 1,100 చుట్లంటే 380 మీటర్ల తీగ. దాని పావు తరంగం ఫ్రీక్వెన్సీ 197 కిలోహెర్ట్జ్. ఇదే సెకండరీకి 40 సెం.మీ. టొరాయిడ్ పెడితే వచ్చే రెసొనెన్స్ కూడా 197. ఇది చూసి ‘చూశారా, సరిపోయింది’ అనేవాళ్లుంటారు. కాకతాళీయం అంటే ఇదే. టొరాయిడ్ తీసేస్తే అదే తీగ 348 దగ్గర రెసొనేట్ అవుతుంది మరి. తీగ పొడవేమీ మారలేదు కదా!

నా చేతి లెక్కకీ సాఫ్ట్‌వేర్ లెక్కకీ తేడా వస్తోంది. ఏది నమ్మాలి?

జావాటీసీ లాంటి టెస్లా కాయిల్ లెక్కల ప్రోగ్రామ్ వాడుతుంటే దాన్నే నమ్మండి. చేతి లెక్కలో టొరాయిడ్ శూన్యంలో ఒంటరిగా ఉందనుకుంటాం. నిజానికి అది సెకండరీ పై భాగాన్ని కప్పేస్తుంది, దానివల్ల సెకండరీ సొంత కెపాసిటెన్స్ కొంత తగ్గుతుంది. మరోపక్క నేల, గోడలు, పైకప్పు దగ్గరుంటే కొంత పెరుగుతుంది. ప్రోగ్రామ్ ఈ అమరికనంతా లెక్కలోకి తీసుకుంటుంది. కొద్ది శాతం తేడా ఉంటే అసలు పట్టించుకోకండి. ప్రైమరీ ట్యాప్ (ప్రైమరీలో ఎన్ని చుట్లు వాడాలో జరిపి మార్చుకునే తగులు) ఉన్నదే అందుకు.

## తయారు చేసేటప్పుడు

వెంటిలేషన్‌కి వాడే అల్యూమినియం డక్ట్ వంచి టొరాయిడ్ చేయొచ్చా?

చేయొచ్చు, చాలామంది మొదటి టొరాయిడ్ అదే. 10 సెం.మీ. డక్ట్‌ని గుండ్రంగా తిప్పి, రెండు చివరలు కలిపి అల్యూమినియం టేపు వేసి, మధ్యలో ఫాయిల్ అంటించిన ప్లైవుడ్ చక్రం బిగిస్తే పనైపోతుంది. దాని మడతల అంచులు నున్నగా ఉండవు కాబట్టి అదే సైజు నున్నటి టొరాయిడ్ కన్నా కాస్త ముందే స్పార్కు వదులుతుంది. తక్కువ పవర్ కాయిల్‌కి ఇది మేలే చేస్తుంది కూడా. కలిపిన చోట పదునైన అంచు పైకి లేస్తే మాత్రం స్పార్కులన్నీ అక్కణ్ణుంచే వస్తాయి. స్పూను వెనక వైపుతో రుద్ది అణచండి.

డక్ట్‌ని మరీ బిగువుగా వంచితే లోపలి వైపు నలిగిపోతుంది. 10 సెం.మీ. డక్ట్‌తో 35 సెం.మీ. కన్నా చిన్న టొరాయిడ్ చేయబోయి నేను రెండు మీటర్ల డక్ట్ పాడుచేశాను.

అల్యూమినియం టేపు మరీ పలచగా ఉంది. అంత కరెంటు మోస్తుందా?

మోస్తుంది. 200 కిలోహెర్ట్జ్ దగ్గర అల్యూమినియంలో కరెంటు ఉపరితలం నుంచి దాదాపు 0.18 మిల్లీమీటర్ల లోతులోనే ప్రవహిస్తుంది. టేపు అంతకన్నా పలచనే, కానీ వెడల్పు చాలా ఉంది కాబట్టి నిరోధం పెద్దగా పెరగదు. అసలు ఇబ్బంది జిగురుతో. చాలా టేపుల జిగురులో కరెంటు పారదు, అందువల్ల ఒక పట్టీకీ పక్క పట్టీకీ మధ్య సంబంధం తెగిపోయి సందుల్లో చిన్న చిన్న మెరుపులు వస్తాయి. ప్రతి పట్టీ చివర సెంటీమీటరు లోపలికి మడిచి అంటిస్తే లోహం లోహానికి తగులుతుంది.

ఫాయిల్ మీద ముడతలు పడ్డాయి. మళ్లీ చేయాలా?

అక్కర్లేదు. చేత్తో తడిమితే గుచ్చుకోని ముడత పనికి అడ్డం రాదు. గుచ్చుకుంటే మాత్రం నున్నగా రుద్దండి.

టొరాయిడ్ అంటే మూసుకున్న లోహపు ఉంగరమే కదా, షార్ట్ అయిన చుట్టులా పనిచేసి శక్తి తినేయదా?

సిద్ధాంతం ప్రకారం అది షార్ట్ చుట్టే. కానీ అది ప్రైమరీకి దూరంగా, సెకండరీ అయస్కాంత క్షేత్రం బలహీనపడే పై చివరలో ఉంటుంది. అక్కడ పోయే శక్తి స్పార్క్ గ్యాప్‌లో వేడిగా పోయేదాని ముందు లెక్కలోకి రాదు. టొరాయిడ్‌ని ఒకచోట కోసి సందు వదలమని సలహాలు వినిపిస్తుంటాయి. ఆ సందు అంచులే స్పార్కులకి కొత్త మొనలవుతాయి. కోయకండి. దారి తప్పిన స్పార్కుల్ని పట్టుకోవడానికి ప్రైమరీ పైన పెట్టే స్ట్రైక్ రింగ్ సంగతి వేరు, దాన్ని మాత్రం తప్పకుండా ఒకచోట తెరిచి ఉంచాలి.

టొరాయిడ్ మధ్య రంధ్రం మూయాలా, వదిలేయాలా?

లోహపు చక్రమో, ఫాయిల్ అంటించిన చెక్కో పెట్టి మూయడం మంచిది. కెపాసిటెన్స్‌లో తేడా స్వల్పమే గానీ, బిగించడానికి గట్టి ఆధారం దొరుకుతుంది. సెకండరీ పై చివర తీగ తాకడానికి చోటూ దొరుకుతుంది.

## బిగించి ట్యూన్ చేసేటప్పుడు

టొరాయిడ్‌ని సెకండరీ చివరి చుట్టుకి ఎంత పైన పెట్టాలి?

టొరాయిడ్ అడుగు భాగం చివరి చుట్టుకి రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉండేలా మొదలుపెట్టండి. మరీ ఎత్తులో పెడితే గొడుగు పైకెత్తినట్టే, పై చుట్లు తడిసిపోతాయి, అంటే అక్కడ కరోనా (గాలిలోకి కారిపోయే చార్జ్ ఇచ్చే ఊదారంగు వెలుగు) మొదలవుతుంది. మరీ కిందికి దించితే సెకండరీ ఒంటి మీదికి స్పార్కు దూకే దూరం తగ్గుతుంది, సెకండరీ కెపాసిటెన్స్ కూడా మారుతుంది. చీకట్లో కొన్ని క్షణాలు నడిపి చివరి చుట్టు దగ్గర ఊదారంగు వెలుగు ఉందేమో చూడండి. ఉంటే ఒక సెంటీమీటరు దించండి.

పవర్ తీసేసి, కెపాసిటర్ డిస్చార్జ్ చేశాకే చేయి పెట్టాలి. టొరాయిడ్‌ని ఊరికే పైన పెట్టి వదిలేయకండి, నైలాన్ బోల్టుతో బిగించండి.

ఒకటి సరిపోవట్లేదు. ఒకదాని మీద ఇంకో టొరాయిడ్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు. కాకపోతే 13, 13 కలిపితే 26 అవ్వదు, దగ్గరగా ఉన్న రెండూ ఒకదాన్నొకటి కప్పుకుంటాయి కాబట్టి అంతకన్నా బాగా తక్కువ వస్తుంది. కింద చిన్నది, పైన పెద్దది పెట్టే పద్ధతి మంచిది. చిన్నది పై చుట్లని కాపాడుతుంది, పెద్దది స్పార్కులు ఇస్తుంది. రెండింటినీ తీగతో కలపడం మర్చిపోవద్దు.

కొత్త టొరాయిడ్ పెట్టగానే స్పార్కులు తగ్గిపోయాయి. పాతదే మంచిదా?

తొందరపడి అలా అనుకోకండి. పది మందిలో తొమ్మిది మంది చేసే పొరపాటు ఇది. కొత్తది సెకండరీ ఫ్రీక్వెన్సీని దించేసింది, ప్రైమరీ మాత్రం పాత చోటే ఉంది. 13 పికోఫారడ్ల టొరాయిడ్ తీసి 17 ది పెట్టారనుకోండి, సెకండరీ సొంత 8తో కలిపి 21 కాస్తా 25 అయింది. ప్రైమరీ ఇండక్టెన్స్ కూడా అదే నిష్పత్తిలో, అంటే 19 శాతం పెరగాలి. చదునుగా చుట్టిన ప్రైమరీలో పదో చుట్టు దగ్గర ట్యాప్ ఉంటే, దాదాపు ముప్పావు చుట్టు బయటికి జరపాలి.

అక్కడితో ఆగకండి. స్పార్కు బయటికొచ్చాక అదే ఒక కెపాసిటెన్స్. అడుగు పొడవుకి సుమారు ఒక పికోఫారడ్ అని ఔత్సాహికులు లెక్కేసుకుంటారు. మూడడుగుల స్పార్కులొస్తే 25 కాస్తా 28 అవుతుంది, ఫ్రీక్వెన్సీ ఐదు శాతం పైనే దిగుతుంది. అందుకే స్పార్కు లేనప్పుడు కొలిచిన రెసొనెన్స్ కన్నా ప్రైమరీ ఫ్రీక్వెన్సీని కొంచెం తక్కువగా ఉంచాలి. పావు చుట్టు చొప్పున బయటికి జరుపుతూ, స్పార్కు పొడవు పెరగడం ఆగి తగ్గడం మొదలైన చోట వెనక్కి రండి. ప్రతిసారీ పవర్ ప్లగ్ పీకి, కెపాసిటర్‌ని ఖాళీ చేశాకే ట్యాప్ ముట్టుకోండి. ఆ కెపాసిటర్ ప్రాణం తీయగలదు.

నా టాప్‌లోడ్ నిజంగా ఎన్ని పికోఫారడ్లో కొలవడం ఎలా?

మల్టీమీటర్‌తో కుదరదు, విలువ మరీ చిన్నది. సిగ్నల్ జనరేటర్‌ని సెకండరీ అడుగు చివరకి కలపండి. ఆసిలోస్కోప్ ప్రోబ్‌ని టాప్‌లోడ్‌కి మీటరు దూరంలో గాలిలో వేలాడదీయండి. ప్రైమరీ సర్క్యూట్ తెరిచి ఉంచండి. ఫ్రీక్వెన్సీ తిప్పుతూ పోతే ఒకచోట తరంగం ఒక్కసారిగా ఎత్తు పెరుగుతుంది. టాప్‌లోడ్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి చూడండి.

348 కిలోహెర్ట్జ్ కాస్తా 215 అయిందనుకోండి. 348 ÷ 215 = 1.62, దాని వర్గం 2.62. ఒకటి తీసేస్తే 1.62. సెకండరీ సొంత కెపాసిటెన్స్ 8 అయితే, 1.62 × 8, అంటే టాప్‌లోడ్ 13 పికోఫారడ్లు. జనరేటర్ ఇచ్చే సిగ్నల్ చిన్నదైనా సరే, ఈ కొలత జరిగేటప్పుడు హై వోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్ ప్లగ్ గోడకి ఉండకూడదు.

## నడిపాక

గ్యాప్ బాగానే పేలుతోంది, పైన ఒక్క స్పార్కూ రావట్లేదు. టాప్‌లోడ్ మరీ పెద్దదా?

కావచ్చు, ట్యూనింగ్ తప్పి ఉండవచ్చు కూడా. తేల్చుకోవడం సులువు. 4 సెం.మీ. పొడవు తీగ ముక్కని టొరాయిడ్ అంచుకి టేపుతో అంటించి బయటికి పొడుచుకొచ్చేలా పెట్టండి. దాని నుంచి బలమైన స్పార్కు వస్తే ట్యూనింగ్ బాగానే ఉంది, టొరాయిడే మీ పవర్‌కి పెద్దది. తీగ నుంచి కూడా నీరసంగా వస్తే తప్పు ట్యూనింగ్‌దే.

స్పార్కు రాకపోయినా ఏమీ జరగట్లేదనుకుని కాయిల్‌ని అలా నడుపుతూ పోకండి. బయటికి దారి దొరకని శక్తి ప్రైమరీ, సెకండరీల మధ్య ఊగిసలాడుతూ ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెంచుకుంటుంది. సాధారణంగా అది సెకండరీ ఇన్సులేషన్ లేదా ట్యాంక్ కెపాసిటర్.

అన్ని వైపులా సన్నటి స్పార్కులు బోలెడు వస్తున్నాయి, ఒక్కటీ పొడవుగా లేదు. ఎందుకు?

టాప్‌లోడ్ చిన్నది, లేదా గొట్టం సన్నది. తక్కువ వోల్టేజ్ దగ్గరే చాలా చోట్ల తెగిపోయి శక్తి పది ముక్కలవుతోంది. గొట్టం లావు పెంచండి. కుదరకపోతే ఒక బ్రేకవుట్ పాయింట్ పెట్టండి, శక్తి చాలావరకు అక్కడికే మళ్లుతుంది. చక్కగా ట్యూన్ అయిన స్పార్క్ గ్యాప్ కాయిల్‌కి ఔత్సాహికులు వాడే అంచనా ఒకటుంది: వాట్ల వర్గమూలాన్ని 4.3తో గుణిస్తే సెంటీమీటర్లలో పొడవు. 450 వాట్లకి 90 సెం.మీ. మీకు అందులో సగం కూడా రాకపోతే మార్పుకి చోటు ఉన్నట్టే.

స్పార్కులు ప్రైమరీ మీద పడుతున్నాయి. టాప్‌లోడ్ తగ్గించాలా?

తగ్గించకండి. పెద్ద టొరాయిడ్‌తో స్పార్కు పొడవు సెకండరీ ఎత్తుని దాటేసింది, అంతే. బ్రేకవుట్ పాయింట్‌ని పైకి, బయటికి తిప్పి పెట్టి దారి చూపండి. ప్రైమరీ పైన ఒకచోట తెరిచిన స్ట్రైక్ రింగ్ పెట్టి దాన్ని ఆర్‌ఎఫ్ గ్రౌండ్‌కి (కాయిల్ కోసమే విడిగా పెట్టిన ఎర్త్‌కి) కలపండి, ఇంటి ఎర్త్‌కి కాదు. స్పార్కులు టొరాయిడ్ నుంచి కాక సెకండరీ ఒంటి మీదే పాకుతుంటే జబ్బు వేరు: కప్లింగ్ (ప్రైమరీకీ సెకండరీకీ మధ్య అయస్కాంత బంధం) ఎక్కువైంది. సెకండరీని రెండు సెంటీమీటర్లు పైకి లేపి చూడండి.

బ్రేకవుట్ పాయింట్ పెట్టడం ఒక రకంగా మోసం కాదా?

అలా అనేవాళ్లున్నారు. నున్నటి టొరాయిడ్ నుంచి దానంతటదే తెంచుకుని వచ్చే స్పార్కు అందం వేరు, నేనూ ఒప్పుకుంటాను. కానీ కాయిల్ భద్రత చూస్తే పాయింట్ మంచిది, స్పార్కు ఎటు పోతుందో మీ చేతిలో ఉంటుంది. మరీ పదునైన సూది వద్దు, చాలా ముందే కారిపోతుంది. మొన మొద్దుగా ఉన్న లావు తీగో, చిన్న గుండు ఉన్న బోల్టో పెట్టండి.

ట్రాన్సిస్టర్లతో నడిచే కాయిల్‌కీ ఇదే సైజా?

కాదు. బల్ల మీద పట్టే చిన్న స్లేయర్ ఎక్సైటర్‌కి (ఒకే ట్రాన్సిస్టర్‌తో నడిచే కాయిల్‌కి) నిమ్మకాయంత ఫాయిల్ ఉండ చాలు. అది తన ఫ్రీక్వెన్సీని తనే వెతుక్కుంటుంది కాబట్టి ప్రైమరీ ట్యూనింగ్ బెడద లేదు. పెద్ద సాలిడ్ స్టేట్ కాయిల్‌లో టాప్‌లోడ్ పెంచితే ఫ్రీక్వెన్సీ దిగి స్విచ్‌ల మీద భారం తగ్గుతుంది. ప్రైమరీలో కూడా రెసొనెన్స్ ఉన్న రకంలో మాత్రం బ్రేకవుట్ పాయింట్ లేకుండా నడపనే వద్దు. దారి దొరకని స్పార్కు ప్రైమరీ మీద పడితే ట్రాన్సిస్టర్లు క్షణంలో పోతాయి.

పెద్ద టాప్‌లోడ్‌తో ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది కదా, స్పార్కుని ముట్టుకుంటే ప్రమాదమా?

ఫ్రీక్వెన్సీ ఎంతైనా ముట్టుకోవద్దు. హై ఫ్రీక్వెన్సీ కరెంటు చర్మం మీదుగానే పోతుందన్న మాట లోహానికి సరిపోతుంది, మనిషి ఒంటికి సరిపోదు. షాక్ తెలియకపోయినా లోపల కాలుతుంది. పైగా సెకండరీ నుంచి ప్రైమరీకి స్పార్కు దూకిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు ఆ దారినే మీ దాకా రావచ్చు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు నడుస్తున్న కాయిల్ ఉన్న గదిలోకే రాకూడదు.

నా దగ్గర రెండు సైజులున్నాయి. ఏది మంచిదో తేల్చుకోవడం ఎలా?

ఒకటి పెట్టి, దానికి ప్రైమరీని పూర్తిగా ట్యూన్ చేసి, గ్రౌండ్ చేసిన లోహపు కడ్డీని స్పార్కు మూడు నాలుగుసార్లు అందుకునే దూరంలో నిలబెట్టి, ఆ దూరం రాసుకోండి. కడ్డీని జరిపే ప్రతిసారీ ముందు ప్లగ్ పీకాలి, కెపాసిటర్ ఖాళీ చేయాలి. రెండోది పెట్టాక మళ్లీ మొదటి నుంచి ట్యూన్ చేసి అదే పని చేయండి. గ్యాప్ దూరం, పవర్ మారకూడదు, రెండూ ఒకే రోజు చేయాలి. గాలిలో తేమ మారినా తేడా కనిపిస్తుంది. ప్రైమరీ ట్యాప్ స్థానం కూడా పెన్సిల్‌తో టొరాయిడ్ అడుగున రాసి పెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ మార్చాలనిపించినప్పుడు ఆ ఒక్క గీత మీకు సాయంత్రమంతా మిగులుస్తుంది.